ఉక్రెయిన్‌ని నిలబెట్టిన ఎనిమిదేళ్లు

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా సైన్యం ఉత్తరం, తూర్పు, దక్షిణం వైపుల నుంచి ఉక్రెయిన్‌లోకి చొరబడినప్పుడు, రాజధాని కీవ్ కొద్ది రోజుల్లోనే చేజారుతుందని అనుకున్నవాళ్లే ఎక్కువ. ఐదు వారాలు తిరిగేసరికి కీవ్ పరిసరాలు వదిలి వెనక్కి మళ్లింది రష్యా సైన్యమే. ఇదెలా జరిగిందంటే మన దగ్గర సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. అమెరికా, యూరప్ ఇచ్చిన ఆయుధాల వల్ల అని కొందరు, అధ్యక్షుడు జెలెన్‌స్కీ పారిపోకుండా నిలబడడం వల్ల అని కొందరు. రెండిట్లోనూ నిజం ఉంది. భుజం మీద పెట్టుకుని పేల్చే జావెలిన్ క్షిపణులు బాగా పనికొచ్చాయి. కానీ పశ్చిమ దేశాల భారీ ఫిరంగులు చేరేసరికే కీవ్ పోరు ముగిసింది. అక్కడ ఎక్కువగా పనిచేసింది సోవియట్ కాలపు ఫిరంగులు, వాటిని వాడడం కొత్తగా నేర్చుకున్న సైన్యం. 2014 నుంచి 2022 దాకా ఆ దేశం లోపల ఏం మారిందో చూడకపోతే ఈ యుద్ధం అర్థం కాదని నా అభిప్రాయం.

సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఉక్రెయిన్ వాటాకి వచ్చింది తక్కువేమీ కాదు. దాదాపు 7.8 లక్షల సైన్యం, ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధ నిల్వ, ద్నిప్రోలో క్షిపణుల ఫ్యాక్టరీ, కీవ్‌లో ఆంతొనోవ్ విమానాల సంస్థ, ఖార్కివ్‌లో ట్యాంకుల ఫ్యాక్టరీ, మికొలాయివ్‌లో నౌకా నిర్మాణ కేంద్రాలు. మన వైమానిక దళం వాడే ఏఎన్-32 విమానాలు ఆంతొనోవ్‌వే. మన విశాఖ పేరు పెట్టుకున్న డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ విశాఖపట్నం నడిచేది మికొలాయివ్ గ్యాస్ టర్బైన్లతో. ఇంత ఆస్తి ఉన్నా ఖజానా ఖాళీ. 1994 డిసెంబరులో బుడాపెస్ట్ ఒప్పందం కుదిరింది. సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ ఇచ్చిన మాట మీద ఉక్రెయిన్ 1996 కల్లా అణ్వాయుధాలన్నీ రష్యాకి అప్పగించింది. కొన్ని బాంబర్ విమానాలు గ్యాస్ బాకీ కింద రష్యాకే పోయాయి. సగంలో ఆగిన విమానవాహక నౌకను 1998లో 2 కోట్ల డాలర్లకు అమ్మేస్తే, అది చైనా నౌకాదళంలో లియావొనింగ్‌గా తేలింది. ఖార్కివ్‌లో చేసిన 320 ట్యాంకులు పాకిస్తాన్‌కి వెళ్లాయి. సొంత సైన్యానికి మాత్రం శిక్షణా లేదు, సరైన జీతాలూ లేవు. 2013లో నిర్బంధ సైనిక సేవ కూడా ఎత్తేశారు.

మరుసటి ఏడాదే క్రిమియా ద్వీపకల్పం రష్యా చేతికి పోయింది. 2014 మార్చిలో అప్పటి తాత్కాలిక రక్షణ మంత్రి పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం, 41 వేల పదాతి దళంలో యుద్ధానికి సిద్ధంగా ఉన్నది సుమారు 6 వేల మందే. తూర్పున డాన్‌బాస్ ప్రాంతంలో రష్యా అండ ఉన్న వేర్పాటువాదులతో యుద్ధం మొదలైంది. ఆగస్టులో అక్కడి ఇలొవైస్క్ దగ్గర చుట్టుముట్టబడిన ఉక్రెయిన్ దళాల్లో వందల మంది చనిపోయారు. డాన్‌బాస్‌లో పోరాడుతున్న కుర్రాళ్లకి బూట్లు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు, మందులు కొనిపంపింది చాలావరకు మామూలు జనమే. చందాలు పోగుచేసి, సొంత కార్లలో సామాను వేసుకుని, ఫ్రంట్ దాకా వెళ్లి ఇచ్చి వచ్చేవాళ్లు. అప్పుడు మొదలైన స్వచ్ఛంద సంస్థల్లో కొన్ని ఇవాళ సైన్యానికి డ్రోన్లు కొనిచ్చే స్థాయికి పెరిగాయి. ప్రభుత్వం చేతకానితనం వల్లే పుట్టినా, జనానికీ సైన్యానికీ మధ్య ఏర్పడిన ఈ బంధం తర్వాత పెద్ద బలం అయింది.

సంస్కరణలు ఆ దెబ్బల నుంచే వచ్చాయి. లివివ్ దగ్గరి యావొరివ్ శిక్షణ కేంద్రానికి 2015 నుంచి అమెరికా, కెనడా సైనికులు వచ్చి తర్ఫీదు ఇచ్చారు. పై అధికారి ఆర్డర్ వచ్చేదాకా కదలని సోవియట్ పద్ధతి మెల్లగా మారి, చిన్న దళానికి నాయకత్వం వహించే సార్జెంటు కూడా అక్కడికక్కడ నిర్ణయం తీసుకోవడం అలవాటయింది. ఎనిమిదేళ్లలో లక్షల మంది డాన్‌బాస్ కందకాల్లో పనిచేసి ఇళ్లకి తిరిగివచ్చారు. 2022లో తుపాకులు ఇచ్చి పంపడానికి అనుభవం ఉన్న మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఆయుధాల గురించి రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోని మార్పు ఇంకొకటి ఉంది. 2014లోనే ఉక్రెయిన్ అధికార వికేంద్రీకరణ మొదలుపెట్టింది. పది వేలకు పైగా ఉన్న చిన్నచిన్న గ్రామ, పట్టణ మండళ్లను కలిపి 2020 నాటికి 1,469 హ్రొమాదలుగా, అంటే సొంత ఆదాయం ఉన్న స్థానిక సంస్థలుగా చేశారు. వాటి పరిధిలో వసూలయ్యే వ్యక్తిగత ఆదాయ పన్నులో 60 శాతం వాటికే దక్కేలా చేశారు. ఆర్థిక సంఘం నిధులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసే మన సర్పంచులకి అది ఎంత పెద్ద మార్పో చెప్పక్కర్లేదు. బడి, ఆసుపత్రి, రోడ్డు గురించి కీవ్‌ని అడగక్కర్లేని మేయర్లు తయారయ్యారు. యుద్ధం వచ్చినప్పుడు వాళ్లు కీవ్ ఫోన్ కోసం ఆగలేదు.

దక్షిణాన వోజ్నెసెన్స్క్ అని 35 వేల జనాభా ఉన్న ఊరు ఉంది. దాన్ని దాటితే దగ్గర్లోనే పెద్ద అణు విద్యుత్ కేంద్రం. 2022 మార్చి మొదటి వారంలో రష్యా దళాలు అటు వస్తున్నాయని తెలియగానే ఊళ్లోవాళ్లు తమ దగ్గరున్న ప్రొక్లెయిన్లు, టిప్పర్లు బయటికి తీశారు. ట్యాంకులు వాగులో దిగి దాటకుండా ఒడ్డు తవ్వేశారు, రోడ్లకి అడ్డంగా రాళ్లు, టైర్లు పేర్చారు. సైన్యం వంతెన పేల్చేసింది. శత్రువు ట్యాంకులు ఎక్కడ ఉన్నాయో ఊరి జనం ఫోన్లలో చెబుతుంటే ఫిరంగి దళం గురిచూసి కొట్టింది. రెండు రోజుల్లో రష్యా దళం డజన్ల కొద్దీ వాహనాలు వదిలేసి వెనుదిరిగింది. సైన్యం ఒక్కటే అయితే ఇంత తొందరగా పని జరిగేది కాదు. మున్సిపాలిటీ ఒక్కటే అయినా జరిగేది కాదు.

రష్యా ఆక్రమించిన దక్షిణాది నగరం మెలితొపోల్‌లో ఇంకో రకం పరీక్ష ఎదురైంది. ఆక్రమణదారులకి సహకరించనన్న మేయర్ ఇవాన్ ఫెదొరొవ్‌ని మార్చి 11న తలకి ముసుగేసి ఎత్తుకుపోయారు. జనం వీధుల్లోకి వచ్చి మేయర్ ఏడని నిలదీశారు. అయిదు రోజులకి ఖైదీల మార్పిడిలో ఆయన బయటపడ్డాడు. రష్యా ఊహించినట్టు స్థానిక నాయకులు గుంపులుగా రష్యా వైపు ఫిరాయించి ఉంటే కథ వేరేగా ఉండేది. ఖెర్సోన్ లాంటి చోట్ల సహకరించినవాళ్లు లేకపోలేదు గానీ, దేశం మొత్తం మీద వాళ్లు తక్కువ.

కరెంటు సంగతి చూడండి. అప్పటిదాకా రష్యా గ్రిడ్‌తో కలిసి ఉన్న ఉక్రెయిన్, ముందే అనుకున్న పరీక్ష కోసం దాడికి కొన్ని గంటల ముందే విడిపోయింది. మళ్లీ వెనక్కి కలవలేదు. మార్చి 16న యూరప్ గ్రిడ్‌తో కలిసిపోయింది. బాంబులు పడుతుండగా ఆ మూడు వారాలు దేశమంతటి కరెంటునీ ఒంటరిగా నిలబెట్టిన ఇంజనీర్లకి ఎంత గుర్తింపు ఇచ్చినా తక్కువే.

రైల్వే కూడా అంతే. ఆ రైళ్లలో సుమారు 40 లక్షల మంది సురక్షిత ప్రాంతాలకి చేరారని రైల్వే లెక్క. వాళ్లలో ఆంధ్ర, తెలంగాణ నుంచి మెడిసిన్ చదవడానికి వెళ్లిన పిల్లలు కూడా ఉన్నారు. మార్చి 2న ఖార్కివ్‌లోని మన విద్యార్థులు రాయబార కార్యాలయం సూచనతో మంచులో నడిచి దగ్గర్లోని పిసోచిన్ అనే ఊరు చేరుకోవడం, ఇక్కడ తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని టెన్షన్‌తో రాత్రంతా కూర్చోవడం చాలా ఇళ్లలో ఇంకా మర్చిపోలేదు.

రాజకీయంగా 2019 కూడా ఒక మలుపు. డాన్‌బాస్ యుద్ధం నడిపిన అప్పటి అధ్యక్షుడు పొరొషెంకో ఎన్నికల్లో ఓడి, 73 శాతం ఓట్లు తెచ్చుకున్న జెలెన్‌స్కీకి గొడవ లేకుండా అధికారం అప్పగించాడు. దేశంలో ఒక మూల పోరు సాగుతుండగానే ఇది జరిగింది.

ఎనిమిదేళ్లలో కూడిన ఆ బలం ఇప్పుడు అరుగుతోంది. 2023 ఎదురుదాడి విఫలమైంది. 2024 ఫిబ్రవరిలో సైన్యాధిపతి జలుఝ్నీని మార్చారు. ఏప్రిల్‌లో సైన్యంలోకి పిలిచే కనీస వయసుని 27 నుంచి 25కి తగ్గించారు. 36 నెలలు పనిచేసినవాళ్లని ఇంటికి పంపుతామన్న నిబంధనను అదే చట్టం ముసాయిదాలోంచి తీసేశారు. మొదటి రోజు నుంచీ కందకాల్లో ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద అన్యాయం. మగవాళ్లని వీధుల్లో పట్టుకుని వ్యాన్లలో ఎక్కిస్తున్న వీడియోలు చూసిన జనం, డబ్బున్నవాళ్ల పిల్లలు ఎక్కడున్నారని అడుగుతున్నారు. యుద్ధం వల్ల పెట్టిన మార్షల్ లా అమల్లో ఉన్నంతకాలం ఎన్నికలు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. జెలెన్‌స్కీ ఐదేళ్ల పదవీకాలం 2024 మేలోనే ముగిసింది. 2025 ఫిబ్రవరిలో ఆయన అధికారం చెల్లుతుందని పార్లమెంటు 268 ఓట్లతో తీర్మానించింది.

ఆ ఏడాది జులై 22న అదే పార్లమెంటు, అవినీతి నిరోధక సంస్థ నాబునీ, దాని ప్రాసిక్యూటర్లనీ ప్రాసిక్యూటర్ జనరల్ చేతికింద పెట్టే చట్టం చేసింది. అధ్యక్షుడు ఆ రోజే సంతకం పెట్టాడు. రాత్రికల్లా కీవ్, లివివ్, ద్నిప్రో వీధుల్లోకి అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని కుర్రకారు వచ్చేసింది. యుద్ధ సమయంలో ప్రభుత్వాన్ని బలహీనపరుస్తున్నారని వాళ్లని అనడం తేలిక. కానీ తొమ్మిది రోజుల్లో, జులై 31న, పార్లమెంటు 331 ఓట్లతో ఆ సంస్థల స్వతంత్రతను తిరిగి ఇచ్చింది. నవంబరులో అదే నాబు ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ కాంట్రాక్టుల్లో సుమారు 10 కోట్ల డాలర్ల ముడుపుల వ్యవహారాన్ని బయటపెట్టింది. ఇద్దరు మంత్రులను పార్లమెంటు తొలగించింది. నవంబరు 28 ఉదయం అధ్యక్ష కార్యాలయ అధిపతి, జెలెన్‌స్కీకి కుడిభుజం అయిన ఆంద్రీ యెర్మాక్ ఇంట్లో సోదాలు జరిగాయి. ఆయన ఆ రోజే రాజీనామా చేశాడు.