పార్ట్ వన్ నుంచే మొదలుపెట్టాలా? కథల గేమ్స్ మీద అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర నాది చిన్న కొట్టు. పాత గేమ్ సీడీలు కొంటాను, అమ్ముతాను, వారానికింత అని అద్దెకిస్తాను. (అవి బ్లూరే డిస్కులని తెలుసు. మా దగ్గరికొచ్చేవాళ్లంతా సీడీలనే అంటారు, నేనూ అంతే.) ధర అడిగాక జనం ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ముందువి ఆడలే. ఫస్ట్ నుంచి ఆడాల్నా?"

వ్యాపారమే చూసుకుంటే అవునని చెప్పి నాలుగు సీడీలు చేతిలో పెట్టెయ్యొచ్చు. కొత్తలో పెట్టాను కూడా. మొదటి సీడీయే సగం ఆటలో వెనక్కి వచ్చింది, మనిషి మళ్లీ రాలేదు.

అపోహ: పేరు పక్కన అంకె ఉంటే కథ కూడా ఆ వరసలోనే ఉంటుంది.

అంకెల్ని నమ్మితే గోతిలో పడతారు. ఫైనల్ ఫాంటసీలో ఒక్కో అంకెకీ ఒక్కో లోకం, ఒక్కో కథ. ఏడోది ఆడటానికి ఆరుతో పనిలేదు. పదోదాని కథ ముందుకు సాగేది పదకొండులో కాదు, 'టెన్-టూ' అని విడిగా ఒకటుంది, అందులో. కింగ్‌డమ్ హార్ట్స్‌ది ఇంకో తిరకాసు. మొదటిది 2002లో, రెండోది 2005లో వచ్చాయి. ఆ రెండే ఆడితే, రెండోదాని మొదట్లో హీరో సోరా ఎందుకు నిద్రపోతున్నాడో తల గోక్కోవాల్సిందే. ఆ కథ 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్‌కి వచ్చిన చెయిన్ ఆఫ్ మెమరీస్‌లో ఉంది. దానికి అంకే లేదు!

జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) ఫైవ్‌కి ముందువేవీ అక్కర్లేదు. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: ముందువి ఆడకపోతే కొత్తది అర్థం కాదు.

ఈ మాట ఎక్కువగా విచర్ త్రీ కొనేవాళ్ల దగ్గర వింటాను. మొదటి విచర్ 2007లో, రెండోది 2011లో వచ్చాయి. ఆ రెండూ ప్లేస్టేషన్‌కి రానే లేదు. 2015లో మూడోది పీఎస్ ఫోర్‌లో ఆడినవాళ్లలో చాలామందికి అదే మొదటి విచర్. పైగా మూడోదాని కథంతా సిరి అనే అమ్మాయి కోసం వెతుకులాట. ఆ సిరి మొదటి రెండు ఆటల్లో లేదు. ఆమె కథ తెలియాలంటే ఆ ఆటలకు మూలమైన పోలిష్ రచయిత ఆంద్రేయ్ సప్కోవ్‌స్కీ పుస్తకాల్లోకి వెళ్లాలి. అంటే ముందు రెండూ పూర్తిచేసి వచ్చినా సిరి విషయంలో మీరూ కొత్తవాళ్లే.

ఆట తయారుచేసినవాళ్లకీ ఇది తెలుసు. మొదట్లోనే ఒక ఆప్షన్ పెట్టారు. దాన్ని ఆన్ చేస్తే, హీరో గెరాల్ట్ గడ్డం గీయించుకుంటూ ఉండగా ఒక సేనాని వచ్చి, ఫలానా చోట నువ్వేం చేశావు, ఫలానా వాణ్ణి చంపావా వదిలేశావా అని కబుర్లలాగా అడుగుతాడు. రెండో ఆటలో చెయ్యాల్సిన నిర్ణయాలు అక్కడ నోటితో చెప్పేయొచ్చు.

అపోహ: ఎక్కణ్నుంచి మొదలుపెట్టినా ఒకటే.

ఇది పై అపోహకి అన్న. నేనూ దీనికి బలైనవాణ్ణే. 2010లో మాస్ ఎఫెక్ట్ టూ రాగానే మొదటిది ముట్టుకోకుండా పీసీలో నేరుగా అదే ఆడేశాను. బాగుంది. క్రోగన్లనే గ్రహాంతర జాతి ఉండే గ్రహానికి వెళ్లాను. అక్కడి తెగ నాయకుడు రీవ్ అనే మొరటోడు. ఎవడో ఒకడులే అనుకుని పనిచూసుకుని వచ్చేశాను.

తర్వాత 2007 నాటి మొదటి భాగం ఆడాను. అందులో రెక్స్ అని ఒక క్రోగన్ మన ఓడలోనే ఉంటాడు. తన జాతికి పిల్లలు పుట్టకుండా చేసిన జబ్బుకి మందు దొరికే దారి ఒకచోట కనిపిస్తుంది, దాన్నే మనం పేల్చేయాలి. సముద్రపు ఒడ్డున, నీళ్లలో నిలబడి రెక్స్ మన మీద తుపాకీ ఎత్తుతాడు. మనమూ ఎత్తుతాం. అక్కడ మాట్లాడే తీరుని బట్టి వాడు బతుకుతాడు, లేదా చస్తాడు. నేను ఒప్పించాను, బతికాడు. ఆ సేవ్ ఫైల్‌తో (మనం ఆడిందంతా దాచుకునే ఫైల్) మళ్లీ రెండోది మొదలుపెడితే, ఆ సింహాసనం మీద రెక్స్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు. నేరుగా రెండోది ఆడితే, రెక్స్ ఎప్పుడో చచ్చిపోయాడన్న లెక్కతో ఆట నడుస్తుంది. మొదటిసారి నేను తెలియకుండానే ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకుని వచ్చానన్నమాట.

అందుకే సేవ్ ఫైల్ ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లే సిరీస్ అయితే నేను బేరమాడను, మొదటిదే చేతిలో పెడతాను. మాస్ ఎఫెక్ట్ మూడు భాగాలూ 2021 నుంచి లెజెండరీ ఎడిషన్ పేరుతో ఒకే ప్యాక్‌లో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు సాకు కూడా లేదు.

అపోహ: కథలో ముందు జరిగింది ముందు ఆడాలి.

రెడ్ డెడ్ రిడెంప్షన్ టూ 2018లో వచ్చింది, కథాకాలం 1899. మొదటిది 2010లో వచ్చింది, కథాకాలం 1911. అందుకని రెండోదే ముందు ఆడాలంటారు కొందరు. తప్పేం కాదు, నేనైతే వచ్చిన వరసలోనే ఇస్తాను. మొదటిదాంట్లో జాన్ మార్‌స్టన్ తన పాత ముఠావాళ్లని వేటాడుతుంటాడు, మనకి వాళ్లు దొంగలే. తర్వాత రెండోదాంట్లో వాళ్లంతా ఒకే నెగడు చుట్టూ కూర్చుని నవ్వుకుంటూ ఉంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆ చేదు వెనకనుంచి వస్తేనే రుచి.

మన తెలుగు భారతమే చూడండి. నన్నయ్య అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూర్తిచేశాడు. అప్పటిదాకా విరాటపర్వం చదివినవాళ్లు ఆగారా?

అపోహ: రీమేక్ ఆడితే పాతది ఆడినట్టే.

పేరు చూసి కాదు, అడిగి కొనండి. ద లాస్ట్ ఆఫ్ అస్ 2013లో వచ్చింది. 2022లో 'పార్ట్ వన్' పేరుతో వచ్చిన దాని రీమేక్‌లో ఉన్నది అదే కథ, బొమ్మలే కొత్తవి. అది ఆడితే సరిపోతుంది. ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్ అలా కాదు. 1997 ఆటలో మొదట వచ్చే మిడ్‌గార్ నగరం వరకే 2020 రీమేక్‌లో ఉంది, చివరికి కథ కూడా పక్కదారి పడుతుంది. పాతది తెలిసినవాళ్లకే ఆ మలుపులో ఉన్న కొంటెతనం తగులుతుంది.

ఇక యూట్యూబ్‌లో కథ చూసేస్తే చాలదా అంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుస్తుంది. టైమ్ లేనివాళ్లకి నేనే చూడమంటాను.

పోయిన ఎండాకాలం అమీర్‌పేట హాస్టల్ కుర్రాడొకడు గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ కావాలని వచ్చాడు. 2022ది. దానికి ముందు 2018ది ఆడు చాలు, అంతకుముందు వచ్చిన గ్రీకు పురాణాల భాగాలు ఇప్పుడొద్దులే అన్నాను. హాస్టల్లో కరెంటు పోయిందని ఒక మధ్యాహ్నం నా కొట్లోనే కూర్చుని ఆడుతున్నాడు. హీరో క్రేటోస్ ఇంటికొచ్చి, నేలపలకలు ఎత్తి, గుడ్డలో చుట్టి దాచిన కత్తులు బయటికి తీసే ఘట్టం వచ్చింది. బేరం కోసం వచ్చిన నలభై ఏళ్లాయన ఒకరు మాట మధ్యలో ఆపేసి స్క్రీన్ వైపు తిరిగిపోయారు. ఆయన 2005లో మొదటి గాడ్ ఆఫ్ వార్‌ని ఆ కత్తులతోనే మొదలుపెట్టినవారు.

కుర్రాడు ఆయన్ని చూసి, నన్ను చూసి, "ఏందన్నా అవి?" అన్నాడు.

రాగ్నరాక్ తీసుకెళ్లాల్సినవాడు ఆ సాయంత్రం గాడ్ ఆఫ్ వార్ త్రీ రీమాస్టర్డ్ పట్టుకెళ్లాడు. అది గ్రీకు కథలో ఆఖరిది. ఇప్పుడు దానికి ముందువి కావాలట, పాత పీఎస్ త్రీ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమన్నాడు.