బిల్లు కింద ముద్రించిన ‘ఆదా’: కిరాణా ఖర్చుపై అపోహలు, వాస్తవాలు

పొదుపు సంఘాల పుస్తకాలు రాయడంతో మొదలైన నా పని, కొన్నేళ్లుగా సభ్యుల ఇళ్ల నెలవారీ పద్దులు సరిచూసే దాకా వచ్చింది. మా విశాఖలో కంచరపాలెంలోనైనా గోపాలపట్నంలోనైనా నాకు మొదట చూపించేది పెద్ద దుకాణం బిల్లే. అందులోనూ వేలు పెట్టి చూపించేది ‘మీరు ఆదా చేసిన మొత్తం’ అన్న చివరి వరుస. ఈమధ్య ఒకావిడ ఆ మొత్తాలన్నీ తేదీల వారీగా నోటుపుస్తకంలో ఎక్కించి తెచ్చారు. ఆరు నెలల్లో నాలుగు వేల పైచిలుకు ఆదా అయినట్టు లెక్క తేలింది. అదే ఆరు నెలల్లో, ఇరవయ్యో తేదీ దాటాక, ఆవిడ సంఘంలో మూడుసార్లు అప్పు తీసుకున్నారు. “ఆఫర్లో తప్ప నేనేదీ కొననండీ. మరి డబ్బులు ఎటు పోతున్నాయి మేడం?” అని అడిగారు. సాయంత్రం ఇంట్లో ఆయనకు లెక్క చెప్పాలట.

అపోహ: ఎమ్మార్పీ మీద ఎంత తగ్గితే అంత ఆదా, ఎక్కువ కొంటే ఇంకా ఆదా.

వాస్తవం: ఇళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెస్తున్న నమ్మకం ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. ఎమ్మార్పీ అంటే గరిష్ఠ చిల్లర ధర. అంతకు మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది గాని, ఆ సరుకు విలువ అంతేనని చెప్పదు. ముద్రించిన ధర ఎత్తుగా ఉంటే తగ్గింపు కూడా ఘనంగానే కనిపిస్తుంది. పోల్చవలసింది పోయిన నెల మన వీధి దుకాణంలో అదే సరుకుకు మనం ఇచ్చిన ధరతో. ఆ పోలిక చేసినప్పుడు, ఆవిడ పుస్తకంలోని నాలుగు వేలలో మిగిలింది తొమ్మిది వందల లోపే.

రెండో మోసం పరిమాణంలో ఉంది. నూనె, పిండి వంటి సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే పొట్లం కట్టాలన్న పాత నిబంధన తొలగిపోయాక, లీటరు పొట్లంలా కనిపించే 850 గ్రాముల పొట్లాలు వచ్చాయి. పొద్దుతిరుగుడు నూనె లీటరు దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ఉదాహరణకు 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 144 రూపాయలు అనుకుంటే, ఆరు రూపాయలు తగ్గిన రెండోదానిలోనే 100 గ్రాములకు దాదాపు అర్ధరూపాయి ఎక్కువ పడుతుంది. పొట్లం మీద యూనిట్ ధర, అంటే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందన్నది, ముద్రించాలన్న నిబంధన ఇందుకే ఉంది. అయితే కిలో లోపు పొట్లం మీద గ్రాము ధర, కిలో దాటినదాని మీద కిలో ధర ఉంటుంది కాబట్టి, గ్రాము ధరను వెయ్యితో హెచ్చవేసుకుని పోల్చుకోవాలి.

మూడోది మన చేతిలోనే ఉంది. ఇంట్లో సబ్బులు నాలుగున్నాయని, ఈ విశాఖ ఉక్కపోతలో కూడా, ఎవరూ ఒక స్నానం ఎక్కువ చేయరు. బిస్కెట్ పొట్లాలు నాలుగుంటే మాత్రం ఆ వారంలోనే నాలుగూ అయిపోతాయి. నెలకు మూడు లీటర్ల నూనెతో సరిపెట్టుకునే ఒక ఇల్లు, చవకని ఐదు లీటర్ల క్యాను తెచ్చుకుంది. యాభై రోజులు రావలసినది ముప్పై ఎనిమిది రోజులకే అయిపోయింది, ఎందుకంటే క్యాను నిండుగా కనిపించినంత కాలం మూకుట్లో నూనె వంపే చెయ్యి బిగువు సడలుతుంది. అందుకే నేను ప్రతి ఇంట్లోనూ పొట్లం విప్పిన రోజున దాని మీద పెన్నుతో తేదీ రాయమంటాను. కిలో ఎంతకు వచ్చిందన్నదానితో పాటు ఎన్ని రోజులు వచ్చిందన్నది కూడా తెలిస్తేనే ఖర్చు తెలిసినట్టు.

ఈ విషయంలో నేను బుద్ధిమంతురాలినని చెప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరం దాటాక, రోజుల తరబడి కరెంటు లేని ఆ చీకట్లో, సరుకులు దొరకవన్న మాట ఇల్లిల్లూ తిరిగింది. దుకాణం తెరిచీ తెరవగానే పది కిలోల కందిపప్పు, పది కిలోల గోధుమపిండి చెప్పిన ధరకు తెచ్చాను. సముద్రపు తేమకు డిసెంబరు నాటికి పిండి ఉండకట్టింది, పప్పు పుచ్చింది. డాబా మీద ఎండబెట్టి చేటతో చెరిగితే సగం పప్పు మిగిలింది. కొరత వదంతి విని పరుగెత్తేవారిని చూస్తే నాకు విసుగు వస్తుంది, ఆ వెంటనే ఆ చేట గుర్తొస్తుంది.

అపోహ: 26 కిలోల బియ్యం బస్తాలో ఒక కిలో ఉచితం.

వాస్తవం: ఉచితం లేదు. 2022 జూలై నుంచి పొట్లం కట్టి ముద్ర వేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ పడుతోంది. ఆ హద్దు దాటించడానికే ఆ అదనపు కిలో. ధరను 26తో భాగించి చూసుకుంటే చాలు.

అపోహ: రేషన్ బియ్యంలో తెల్లగా, నీళ్లలో తేలే గింజలు ప్లాస్టిక్.

వాస్తవం: ఇంకా ఎన్నాళ్లు ఈ మాట? అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చి గింజలుగా వత్తినవి. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపినవి. ఈ పుకారు నమ్మి రేషన్ బియ్యం వచ్చిన ధరకు అమ్మేసి, నెల పొడుగునా సన్నబియ్యం కొంటున్న ఇళ్లు నా పుస్తకాల్లోనే ఉన్నాయి.

అపోహ: ఖర్చు తగ్గాలంటే బియ్యం, పప్పు దగ్గరే బిగించాలి.

వాస్తవం: 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఖర్చులో ఆహారం వాటా దాదాపు 40 శాతం, అందులో అతిపెద్ద భాగం పానీయాలది, తయారైన తిండిది. పప్పు పలచన చేసే ముందు చిరుతిళ్ల పద్దు చూడండి.

అపోహ: ప్రతి నెలా ఒకే మొత్తంలో సరిపెట్టలేకపోతే గృహిణికి లెక్క రానట్టే.

వాస్తవం: సంక్రాంతికి ఆడపిల్లలు, అల్లుళ్లు వచ్చే నెలా, మామూలు జూలై నెలా ఒకటి కావు. పండుగ నెలల అదనపు ఖర్చును పోయిన ఏడాది పద్దులోంచి తీసి, పన్నెండుతో భాగించి, నెలనెలా పక్కన పెట్టమని చెబుతాను. నోటుపుస్తకం తెచ్చిన ఆవిడకు జనవరి గడి విడిగా గీసి ఇచ్చాను. ‘ఆదా’ అన్న గడి మీద ఆవిడే అడ్డగీత గీసి, ‘ఎన్ని రోజులు’ అని రాసుకున్నారు.