జ్వరం లేని న్యుమోనియా: పెద్దల విషయంలో అపోహలు, వాస్తవాలు

వృద్ధులకు వైద్యం చేసే నేను తరచుగా వినే మాట ఒకటుంది: "జలుబే కదా డాక్టర్, జ్వరం కూడా లేదు." ఈ మాటే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

అపోహ: జ్వరం లేకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టే.

వాస్తవం: వైరస్ చొరబడినప్పుడు ఒంటిని వేడెక్కించేది మన రోగనిరోధక వ్యవస్థే. వయసు పైబడ్డాక అది మందగిస్తుంది. అందుకే ఎనభై ఏళ్లవారికి ఫ్లూ ముదిరి న్యుమోనియాగా మారినా థర్మామీటర్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. జబ్బు వేరే దారుల్లో బయటపడుతుంది. తిండి సహించదు. పగలంతా మగతగా ఉంటారు. నడుస్తూ తూలి పడతారు. నిన్నటిదాకా అందరినీ గుర్తుపట్టినవారు ఇవాళ పొంతన లేకుండా మాట్లాడతారు. దీన్ని వయసు మీద పడ్డ మతిమరుపు అనుకోవద్దు. మతిమరుపు ఒక్కరోజులో రాదు. కదలకుండా కూర్చున్నప్పుడు వారి ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టండి. 25 దాటితే తెల్లవారేదాకా ఆగకండి.

అపోహ: ఆర్‌ఎస్‌వీ (జలుబులా మొదలై ఊపిరితిత్తులకు పాకే వైరస్) పసిపిల్లల జబ్బు.

వాస్తవం: ఈ వైరస్ 1956లో చింపాంజీల్లో బయటపడింది. ఆ వెంటనే పసిపిల్లల్లో కనిపించడంతో పిల్లల జబ్బుగా ముద్రపడింది. కానీ ఒకసారి సోకితే వచ్చే రక్షణ ఎక్కువ కాలం నిలవదు. గుండె వైఫల్యం, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న పెద్దలను ఇది ఆసుపత్రి పాలు చేస్తుంది. పెద్దల ముక్కులో ఈ వైరస్ తక్కువగా ఉంటుంది కాబట్టి త్వరగా ఫలితమిచ్చే యాంటిజెన్ పరీక్షకు చాలాసార్లు దొరకదు. అనుమానం ఉంటే, వైరస్ జన్యుపదార్థం కొద్దిగా ఉన్నా పట్టుకునే పీసీఆర్ పరీక్ష చేయాలి. పెద్దల కోసం తొలి టీకాలు 2023లో ఆమోదం పొందాయి.

కొత్త వైరస్ అని కంగారు పెట్టిన హెచ్‌ఎంపీవీ (ఇదీ జలుబు, దగ్గు తెచ్చే శ్వాసకోశ వైరసే) కూడా పాతదే. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. 1958 నాటి రక్త నమూనాల్లోనే దాని యాంటీబాడీలు దొరికాయి.

అపోహ: కఫం పచ్చబడితే యాంటీబయాటిక్ వేసుకోవాలి.

వాస్తవం: ఆ రంగు తెల్ల రక్తకణాల నుంచి వస్తుంది, వైరస్ సోకినా వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అయితే కాస్త కోలుకున్నాక మళ్లీ దగ్గు, ఆయాసం పెరిగితే బ్యాక్టీరియా చేరిందేమో చూడాలి. ఫ్లూకైతే ఓసెల్టామివిర్ అనే వైరస్ మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తే మేలు ఎక్కువ. ఇంట్లో మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్ మాత్రలతో ఆ రెండు రోజులూ గడిచిపోవడం చూస్తే బాధగా ఉంటుంది.

అపోహ: ఫ్లూ టీకాతోనే ఫ్లూ వస్తుంది.

వాస్తవం: రాదు. ఇంజెక్షన్‌గా ఇచ్చే టీకాలో బతికిన వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజుల ఒళ్లునొప్పులు ఉండవచ్చు, అంతే.

అపోహ: ముప్పు ఊపిరితిత్తులకే.

వాస్తవం: ఫ్లూ నిర్ధారణైన తర్వాతి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు పెరిగినట్టు 2018లో వెలువడిన కెనడా అధ్యయనం చూపింది. ఆ వారంలో పెద్దవారు ఛాతీ బరువుగా ఉందన్నా, కారణం లేకుండా చెమటలు పట్టినా దగ్గు వల్లనే అనుకోకుండా ఈసీజీ తీయించండి.