ఇల్లు లేని గడప: ఊరు వదిలినవాళ్ల నవలల మీద అపోహలు - వాస్తవాలు

ముంపు ఊళ్ల మీద, వలస కుటుంబాల మీద నవలలు రాస్తుంటాను. చదివినవాళ్లు ఎక్కువమంది అడిగేది ఒకటే: "అంత కష్టంలో నవ్వేంటండీ?"

అపోహ: కష్టంలో ఉన్నవాళ్ల కథలో హాస్యం పెడితే వాళ్లని చులకన చేసినట్టే.

వాస్తవం: ఆ నవ్వు ఎవరి నోట పుట్టిందో చూడాలి. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు, పెన్న మీద సోమశిల, రెండింటికీ ఊళ్లు మునిగాయి. అట్లాంటి ఊరి నుంచి వచ్చిన ఒక అత్త నా నవలలో ఉంది. పాత ఇల్లు పడగొడుతుంటే ద్వారబంధం ఊడదీయించి ట్రాక్టర్లో వేసుకొచ్చింది. పునరావాస కాలనీలో ఇంటికి ఇంకా పునాది కూడా పడలేదు. ఖాళీ ప్లాటులోనే ఆ ద్వారబంధాన్ని నిలబెట్టి, రెండు పక్కలా రాళ్లు పేర్చి, శుక్రవారం పూట గడపకి పసుపు రాస్తోంది.

"ఇల్లు లేని గడపకి పసుపెందుకత్తా?" అంది కోడలు.

"గడప వచ్చేసింది గదమ్మా, ఇంక ఇల్లే రావాల."

ఆ మాట అనగలిగింది ఆమె. పక్కన నేను "పాపం" అని ఒక్క ముక్క చేర్చినా ఆమెను చిన్నబుచ్చినట్టే. ఆ ముక్క రాశాను కూడా, తర్వాత కొట్టేశాను.

అపోహ: యాస దట్టిస్తే చాలు, నవ్వొస్తుంది.

వాస్తవం: రాదు. మేం ఏడ్చేదీ ఆ యాసలోనే.

అపోహ: వింత సంఘటనలు కల్పిస్తేనే ఇలాంటి నవల నడుస్తుంది.

వాస్తవం: మా కందుకూరునే చూడండి. 1970లో నెల్లూరు నుంచి ఒంగోలు జిల్లాలోకి (తర్వాత ప్రకాశం అన్నారు) పోయింది, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. అరుగు దిగని తాతలకి కూడా జిల్లా మారిపోయింది. కల్పన కంటే వినడానికే నాకు ఎక్కువ టైం పడుతుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్ల నుంచి బేల్దారి (తాపీ) పనికి పోయే ఒకాయన రాత్రి బస్సులో అన్నాడు: "ఊళ్లోనూ నీళ్లు కొనుక్కుంటాం, బెంగళూరులోనూ కొనుక్కుంటాం. ఇంక ఊరు మారిందని ఎట్టా తెలస్తాదన్నా?"

అపోహ: ఇలాంటి పాత్రలు చివరికి గెలిచి తీరాలి.

వాస్తవం: శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. అంతకు ముందు నుంచీ ఆ దీవి యానాదుల నివాసం. అక్కణ్ణించి కదిలిన ఒక కుటుంబం మీద అధ్యాయం రాస్తే, గెలుపు సీను పెట్టమని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. పెట్టలేదు. కొత్తచోట ముసలాయన మొదటిరోజే వాగు వెతుక్కుని చేపలు పట్టుకొచ్చాడు. పొయ్యి ఎక్కడ పెట్టాలో ముసలమ్మ ఇంకా తేల్చుకోలేదు. చేపలు చేత్తో పట్టుకుని ఆయన నిలబడే ఉన్నాడు. అధ్యాయం అక్కడ ఆపాను.