ఒంటిపువ్వు వాజ్ వయసెంత?

"నిజాం కాలంది సార్" అంటూ అంగడాయన దాన్ని నా చేతిలో పెట్టాడు. హైదరాబాద్‌లో పాత సామాన్ల కొట్లు తిరిగేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. తుప్పు పట్టిన సైకిల్ బెల్లు కూడా అక్కడ నిజాం కాలందే. జానెడు ఎత్తు, చిటికెన వేలు పట్టేంత మెడ, లేత ఊదారంగు గాజు. ఒక గులాబీ మొగ్గ తప్ప ఇంకేమీ పట్టదు. ఇలాంటివాటిని బడ్ వాజ్ అంటారు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ భోజనాల బల్లల మీద, ఆ తర్వాత అమెరికాలో మామూలు ఇళ్లలోనూ ఇవి బాగా కనిపించేవి. చిన్నవి, చవకవి కాబట్టి లెక్కలేనన్ని తయారయ్యాయి. పాత గాజు పోగుచేసే పిచ్చి చాలామందికి వీటితోనే మొదలవుతుంది, మోసపోవడం కూడా.

నేను ముందు దాన్ని బోర్లించాను. గాజు వస్తువు ఎలా పుట్టిందో దాని అడుగే చెబుతుంది. గొట్టంతో ఊది చేసే వాజ్‌కు మూతి తీర్చిదిద్దాలంటే గొట్టం నుంచి విడదీయాలి. అప్పుడు పట్టుకోవడానికి పాంటిల్ అనే ఇనుప కడ్డీని కాస్త కరిగిన గాజుతో అడుగున అతికిస్తారు. పని అయ్యాక కడ్డీని విరగ్గొడితే బొడ్డులాంటి గరుకు మచ్చ మిగులుతుంది. ఖరీదైన వాటికి ఆ మచ్చను అరగదీసి నున్నటి గుంటగా మారుస్తారు. అయితే ఇవాళ చేత్తో ఊదిన వాజ్‌కు కూడా ఈ మచ్చ ఉంటుంది. కాబట్టి అది చేతిపని అని చెబుతుందే గానీ, పాతది అని చెప్పదు. ఈ తేడా తెలియక డబ్బులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

నా దానికి మచ్చ లేదు, పక్కల్లో అచ్చు అతుకుల గీతలున్నాయి. కరిగిన గాజును అచ్చులో పోసి మరతో నొక్కే పద్ధతి 1820ల్లో అమెరికాలో ఊపందుకుంది. నా వాజ్ మీద ఆ గీతలు పైకి పోయేకొద్దీ సాగి, పలచబడి, మూతి దగ్గర మాయమయ్యాయి. అంటే పొట్టి వాజ్‌గా నొక్కి, వేడి తగ్గకముందే కడ్డీకి పట్టించి లోలకంలా ఊపి సాగదీశారన్నమాట. అందుకే ఒకే అచ్చులో పుట్టిన వాజ్‌లు ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు ఉంటాయి.

అడుగున గీతలు కూడా చూడాలి. ఏళ్ల తరబడి బల్ల మీద అటూ ఇటూ జరిగిన వాజ్‌కు నేలకు ఆనే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా సన్న గీతలు పడతాయి. గీతలన్నీ ఒకే దిక్కున, నేలకు ఆనని చోట కూడా ఉన్నాయా? అది గరుకు కాగితం చేసిన పని.

ఇక ఊదారంగు సంగతి. ఇసుకలో ఇనుము ఉంటుంది, దానివల్ల గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. దాన్ని పోగొట్టడానికి పాతకాలం పనివాళ్లు మాంగనీస్ డయాక్సైడ్ కలిపేవారు. దానికి 'గాజుపనివాళ్ల సబ్బు' అనే పేరుండేది. అది ఇనుమును ఆక్సీకరించి ఆకుపచ్చను లేత పసుపుగా మారుస్తుంది, మిగిలిన పసుపును తన లేత ఊదాతో కప్పేస్తుంది. చూసే కంటికి గాజు తెల్లగా కనిపిస్తుంది. కానీ ఆ గాజు ఏళ్లపాటు ఎండలో ఉంటే అతినీలలోహిత కిరణాలకు మాంగనీస్ అయాన్లు ఒక్కో ఎలక్ట్రాన్‌ను వదులుకుని మళ్లీ ఊదారంగుకు తిరుగుతాయి. 1820ల్లోనే మైకేల్ ఫారడే ఈ మార్పును గమనించాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మాంగనీస్ దొరకడం కష్టమై అమెరికా కార్ఖానాలు సెలీనియం వైపు మళ్లాయి. ఆ గాజు ఎండకు ఊదాగా కాదు, గడ్డి రంగుకు తిరుగుతుంది. అందుకే అమెరికా సరుకులో ఎండకు వచ్చిన ఊదా ఛాయ ఉంటే సుమారు 1920కి ముందుదని అంచనా వేస్తారు. ఛాయ అనే మాట గుర్తుంచుకోండి. గుత్తి వంకాయ రంగులో నిగనిగలాడుతుంటే అనుమానించండి. పాత తెల్ల గాజును రేడియేషన్‌లో పెట్టి కొద్ది రోజుల్లో ఆ రంగు తెప్పించి ఎక్కువ ధరకు అమ్మేవాళ్లున్నారు.

ఇంటికొచ్చి లైట్లు ఆర్పి, అతినీలలోహిత కాంతినిచ్చే యూవీ టార్చ్ వేశాను. ఆకుపచ్చగా మెరిసింది, కానీ మసకగా. నిజం చెప్పాలంటే కాస్త నిరాశపడ్డాను. ఎందుకంటే అందరూ వెతికేది యురేనియం గాజు. 1789లో మార్టిన్ క్లాప్రోత్ యురేనియంను కనుగొన్నాడు. 1830ల్లో బొహీమియాలో రీడెల్ అనే గాజుపనివాళ్ల కుటుంబం యురేనియం లవణాలతో ఆకుపచ్చ, పసుపు గాజులు చేసి, తమ ఇంట్లోని అన్నా అనే ఆవిడ పేరే వాటికి పెట్టుకుంది. ఇలా మెరవడానికి ఫ్లోరెసెన్స్ అనే మాటను 1852లో వాడుకలోకి తెచ్చిన జార్జ్ స్టోక్స్ కూడా తన ప్రయోగాల్లో ఈ పసుపు గాజును వాడాడు. యూవీ కాంతిని మింగి యురేనైల్ అయాన్లు ఆకుపచ్చ కాంతిని వదులుతాయి. గాజులో యురేనియం సాధారణంగా రెండు శాతం లోపే, అయినా చీకట్లో పచ్చటి దీపం వెలిగించినట్టుంటుంది. 365 నానోమీటర్ల టార్చ్‌కు మాంగనీస్ కూడా మసకగా మెరుస్తుంది, 395 టార్చ్‌కు మాత్రం దాదాపు మెరవదు. యురేనియం రెండింటికీ మెరుస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండు టార్చ్‌లూ జేబులో వేసుకుని తిరుగుతారు.

యురేనియం అంటే టెన్షన్ పడక్కర్లేదు. అలమరాలో పెట్టుకుంటే వెలువడే రేడియేషన్ చాలా తక్కువ. దాన్ని అరగదీయకండి, అందులో తినకండి, అంతే. అయితే మెరుపు ఉన్నంత మాత్రాన పాతదైపోదు. 1940ల్లో అణుబాంబు పనుల కోసం అమెరికా ప్రభుత్వం యురేనియంను తన చేతిలోకి తీసుకుంది. 1958లో మళ్లీ అనుమతి దొరికాక ఆ గాజు తయారీ తిరిగి మొదలై ఇవాళ్టికీ సాగుతోంది.

సీసం కలిసిన క్రిస్టల్‌ను పట్టుకోవడానికి వేలితో మీటి గంటలా మోగిందా అని వినడం అందరూ చేసేదే. నాకు దానికంటే ఆర్కిమెడిస్ పద్ధతి ఇష్టం, వంటింటి కాటా ఉంటే చాలు. వాజ్‌ను మామూలుగా తూయండి. తర్వాత లోపల గాలి బుడగ మిగలకుండా నీళ్లలో వేలాడదీసి తూయండి. నీళ్లలో ఎంత బరువు తగ్గిందో దానితో మొదటి బరువును భాగించండి. 250 గ్రాముల వాజ్ 100 గ్రాములు తగ్గితే జవాబు 2.5, అది మామూలు గాజు. 80 గ్రాములే తగ్గితే 3.1, అందులో సీసం దండిగా ఉంది.

వెండి వాజ్‌లకు ఈ లెక్క పనికిరాదు. వాటి అడుగు బోలుగా ఉండి, నిలబడడం కోసం లోపల తారులాంటి జిగురో సున్నపు పిండో నింపి ఉంటుంది. తూకం చూసి వెండి ధర కట్టారో, ఆ పిండికి కూడా వెండి ధర ఇచ్చినట్టే. ముద్రలు చూడండి. నడిచే సింహం ఉంటే ఇంగ్లండ్ స్టెర్లింగ్ వెండి, పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించింది. ఈపీఎన్ఎస్ అని ఉంటే అది వెండి పూతే. అమెరికాకు వెళ్లిన పింగాణీ అయితే ఇంకా సులువు. 1891 నుంచి దిగుమతుల మీద దేశం పేరు తప్పనిసరి. 'నిప్పన్' అని ఉంటే 1921కి ముందుది, ఆ తర్వాత 'జపాన్' అనే రాయాలన్నారు.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. వేడి గాజు మీద లోహ లవణాలు చల్లి నెమలికంఠం రంగులు తెప్పించే కార్నివాల్ గాజును 1907లో అమెరికాలో ఫెంటన్ కంపెనీ మొదలుపెట్టింది. సబ్బు బుడగ మీద రంగులాడే కిటుకే ఇది, పలచటి పొర మీద కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి తలపడడం. తర్వాతి దశాబ్దాల్లో ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ కూడా ఏనుగులు, చేపల బొమ్మలతో ఇలాంటి సన్న వాజ్‌లు చేసింది. పనితనం మోటుగా ఉంటుంది, అయినా విదేశాల్లో వాటికోసం ఎగబడతారు. ఇక్కడివాళ్లు మాత్రం చాలావాటిని పాత గాజు కింద తూకానికి వేసేసి ఉంటారు. విదేశాలకు పంపే ముందు ఒకటి చూసుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండం పురావస్తువు కింద లెక్క, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు.

ఇంతకీ నా వాజ్? సాగిన అతుకులు, లేత ఊదా, మసక మెరుపు, అడ్డదిడ్డం గీతలు. నూరేళ్ల పైబడినదే అనుకుంటున్నాను. నిజాం పాలన 1948 దాకా ఉంది కాబట్టి అంగడాయన చెప్పిందీ అబద్ధం కాదు.

దాని లోపం మాత్రం ఆయన చెప్పలేదు. కొట్లో మెడ లోపల నూనె రాసి ఉంది. కడిగాక రెండంగుళాల ఎత్తున తెల్లటి మబ్బు బయటపడింది. వెనిగర్‌కు పోతే అది బోరు నీళ్ల ఉప్పే. నా దానికి రెండు రోజులు నానబెట్టినా పోలేదు. ఎవరో ఏళ్ల తరబడి నీళ్లు మార్చకుండా పూలు పెట్టారు, ఆ నీళ్లు గాజులోని సోడియంను లాగేశాయి. తడిపితే మబ్బు కనిపించదు, ఆరగానే తిరిగొస్తుంది. ఇప్పుడు అందులో నీళ్లు పోయడం మానేశాను. సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి దింపి, నందివర్ధనం పువ్వు ఒకటి అందులో పెడుతున్నాను.