చందుర్తి సిపాయికి ఏ ఎరుపు?

1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తి మైదానంలో కోటు రంగు చూసి ఒక సైన్యం పొరబడింది. ఫ్రెంచి వారికి కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లీషు వారికి ఫోర్డ్ నాయకులు. ఫోర్డ్ వెంట విజయనగరం ఆనందరాజు బలగం కూడా ఉంది. ఫోర్డ్ దగ్గరున్న యూరోపియన్ పటాలం ఎత్తుగా పెరిగిన పైరు చాటున పడి కనిపించలేదు. పక్కనే బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్రకోట్లలో నిలబడ్డారు. ఎర్రకోటు వేసుకున్నది యూరోపియన్లే అనుకుని ఫ్రెంచి పదాతిదళం తన బలమంతా వాళ్ళ మీదికి మళ్ళించింది. సిపాయిలు చెదిరిపోయారు. వాళ్ళను తరుముతూ ముందుకు ఉరికిన ఫ్రెంచి వరసల మీద పైరు వైపు నుంచి తుపాకులు పేలాయి. అక్కడితో పోరు తిరగబడింది.

ఈ యుద్ధాన్ని బల్ల మీద 28 మిల్లీమీటర్ల ఎత్తు సైనికుల బొమ్మలకు రంగులు పూసి ఆటగా ఆడాలనుకునే వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఎరుపు గురించే. పెయింట్ల కంపెనీల పట్టికలో ఎరుపులే పదీ పదిహేనూ కనబడతాయి. వాటిలో ఆ ఎరుపు ఏది? ఈ ప్రశ్నకు ఒక్క సీసాతో జవాబు దొరకదు. దొరకకపోవడానికి రెండు చరిత్రలు కారణం: బట్టకు అద్దకం వేసిన చరిత్ర ఒకటి, బొమ్మకు పెయింటు తయారు చేసిన చరిత్ర ఇంకొకటి.

ముందు బట్ట సంగతి. ఆనాటి బ్రిటిష్ మామూలు సైనికుడి ఉన్ని కోటుకు మంజిష్ఠ జాతి వేరుతో అద్దకం వేసేవారు. అందులోంచి వచ్చేది ఇటుక ఛాయ కలిసిన ముతక ఎరుపు. అధికారి కోటుకు మాత్రం కొచినీల్ అనే పురుగు నుంచి తీసిన ఖరీదైన రంగు, అంటే నిప్పులా మెరిసే ఎరుపు వేసేవారు. ఒకే పటాలంలో, ఒకే వరసలో రెండు ఎరుపులన్న మాట. దానికి తోడు వేరు అద్దకం ఎండకూ వానకూ వెలిసిపోతుంది. కొత్త కోటు, కొన్ని నెలలు మైదానాల్లో తిరిగిన కోటు పక్కపక్కన పెడితే వేర్వేరు రంగుల్లా కనబడతాయి. కాబట్టి 24 బొమ్మల పటాలానికి ఒకే సీసాలోంచి ఒకే ఎరుపు పూయడం చరిత్ర ప్రకారం చూసినా తప్పే.

నీలం కథ కూడా అంతే. నెపోలియన్ కాలపు ఫ్రెంచి పదాతిదళపు నీలం కోటుకు నీలిమందు కావాలి. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధం చేయడంతో ఆ సరుకు అందక, 1806లో నెపోలియన్ కొన్ని రెజిమెంట్లకు తెల్ల కోట్లు ఇప్పించాడు. మరుసటి ఏడాదే ఆ ప్రయత్నం మానుకున్నారు. తెల్ల బట్ట మీద నెత్తురు మరీ భయంకరంగా కనబడడం కూడా అందుకు ఒక కారణమని చెబుతారు. నీలిమందు మన ప్రాంతపు పంట కూడా. కడప సరుకు 19వ శతాబ్దపు లండన్ మార్కెట్లో ‘కర్పా’ అన్న పేరుతో అమ్ముడయ్యేది.

ఇక ఖాకీ. ఖాక్ అంటే దుమ్ము. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ ఏర్పాటు చేసిన గైడ్స్ దళంతో అది సైన్యంలోకి వచ్చింది. 1857లో బ్రిటిష్ దళాలు తమ తెల్ల దుస్తులకు శిబిరంలో దొరికిన వాటితోనే రంగు వేసుకున్నాయి. ఒకరిది బూడిద రంగుకు తిరిగితే ఇంకొకరిది గోధుమకు తిరిగింది. 1857 నాటి పటాలానికి ‘అసలైన ఖాకీ’ ఏదని వెతకడం వృథా శ్రమ. నాలుగు ఛాయలు కలిపి వాడితేనే అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

రసాయన రంగులూ ప్రామాణిక పట్టికలూ వచ్చాక గొడవ తీరిందా అంటే అదీ లేదు. జర్మనీలో రాల్ సంస్థ 1925లోనే ఏర్పడింది, రంగులకు నంబర్లు ఇచ్చింది. 1943 ఫిబ్రవరిలో జర్మన్ ట్యాంకులన్నిటికీ ముదురు బూడిద స్థానంలో ముదురు పసుపును మూల రంగుగా నిర్ణయించారు. దాని మీద వేసుకోవడానికి ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులను చిక్కటి ముద్దగా డబ్బాల్లో పంపారు. సిబ్బంది ఆ ముద్దను పెట్రోలుతో పలచన చేసి పిచికారీ చేయాలి. పెట్రోలు లేకపోతే నీళ్ళు కలిపి, చీపురుతోనో గుడ్డతోనో పూసేవారు. ఎవరు ఎంత పలచన చేస్తే అంత లేతగా వచ్చింది. పట్టికలో ఒకే నంబరున్న రంగు రెండు ట్యాంకుల మీద రెండు రకాలుగా కనబడడానికి కారణం ఇదే.

ఇప్పుడు పెయింటు వైపు. 1893లో బ్రిటన్స్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను అచ్చుపోయడం మొదలుపెట్టింది. 54 మిల్లీమీటర్ల ఆ బొమ్మల మీద నిగనిగలాడే ఒకే పూత ఎరుపు ఉండేది. మడతలు లేవు, నీడలు లేవు. ఆ తర్వాత హల్ నగరపు హంబ్రోల్ 14 మిల్లీలీటర్ల చిన్న డబ్బాల్లో ఎనామెల్ రంగులు తెచ్చింది. విమానాల, ట్యాంకుల ప్లాస్టిక్ నమూనాలు చేసేవారు అసలు వాహనపు రంగుతో సరిపోల్చి వాడుకునే రంగులివి. అసలు దానితో అచ్చంగా కలవాలన్న పట్టుదల ఈ దారినే సైనికుల బొమ్మల్లోకి వచ్చింది. ఎనామెల్ ఆరడానికి గంటలు పడుతుంది, బ్రష్ కడగడానికి వైట్ స్పిరిట్ అనే ద్రావకం కావాలి.

1980ల మధ్యలో సిటడెల్ అనే బ్రిటిష్ బొమ్మల కంపెనీ నీటితో కలిసే అక్రిలిక్ రంగులు అమ్మడంతో పద్ధతే మారిపోయింది. అరగంటలో మూడు నాలుగు పొరలు వేయడం సాధ్యమైంది. స్పెయిన్ కంపెనీ వాయెహో మరో దారిలో వచ్చింది. 1965లో న్యూజెర్సీలో కార్టూన్ చిత్రాలకు రంగులు తయారు చేస్తూ మొదలై, 1969లో స్పెయిన్‌కు తరలింది. దాని సీసాకు చుక్కలు పడే మూతి ఉంటుంది. ఇది పెద్ద మేలు. చుక్కలు లెక్కపెట్టి కలిపితే అదే ఛాయ మళ్ళీ తెచ్చుకోవచ్చు. బ్రిటన్‌లో ఫౌండ్రీ అనే బొమ్మల కంపెనీ ఒక్కో రంగును నీడ, మధ్య, వెలుగు అని మూడు సీసాల జట్టుగా అమ్మింది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి ఆలోచన మరొకటి రాలేదనే చెప్పాలి. 2012లో సిటడెల్ తన రంగులన్నిటినీ మార్చి 145 సీసాలుగా తెచ్చినప్పుడు, ఏది అడుగు పూత, ఏది పై పొర, ఏది వాష్ (గుంటల్లోకి దిగి నీడలా నిలిచే పలచటి రంగు) అన్నది రకం పేరులోనే చెప్పింది. 2019లో వచ్చిన కాంట్రాస్ట్ రంగు ఒకే పూతలో గుంటల్లోకి ముదురుగా, గట్ల మీద పలచగా దిగుతుంది.

నీడనూ వెలుగునూ సీసాల్లో అమ్మాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నిజమైన కోటు మడత లోతుగా ఉంటుంది, ఎండలో దానికి గట్టి నీడ పడుతుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద ఆ మడత లోతు అర మిల్లీమీటరు ఉండదు. గది వెలుగు దాన్ని నింపేస్తుంది. అందుకే నీడను మనమే పూయాలి. రెండో కారణం దూరం. ఈ కొలత బొమ్మ మనిషిలో దాదాపు 60వ వంతు. 90 సెంటీమీటర్ల దూరం నుంచి దాన్ని చూడడమంటే అసలు మనిషిని 54 మీటర్ల నుంచి చూడడం లాంటిది. అంత దూరంలో రంగు కాస్త వెలిసినట్టు, లేతగా కనబడుతుంది. అసలు బట్ట ముక్కతో సరిపోల్చిన నీలం బొమ్మ మీద నల్లగా కనబడి నిరాశపరిచేది ఇందుకే. 6 మిల్లీమీటర్ల బొమ్మలకైతే ఇంకా రెండు మెట్లు లేత రంగు ఎంచుకోవాలి, లేకపోతే పటాలమంతా ఒక నల్లటి మచ్చలా ఉంటుంది.

చందుర్తి సిపాయి దగ్గరికి మళ్ళీ వద్దాం. ప్రైమర్, అంటే రంగులు పట్టడానికి అన్నిటికన్నా ముందు వేసే పూత, నలుపు వద్దు. ఎరుపు, పసుపు రంగుల్లో కప్పే శక్తి తక్కువ. నలుపు మీద ఎరుపు వేస్తే ఐదు పూతలైనా మురికిగానే ఉంటుంది. ఎర్ర గోధుమ ప్రైమర్ మంచిది, అది దొరక్కపోతే బూడిద రంగు. కోటుకు ముందు ముదురు గోధుమ ఎరుపు. రెండు చుక్కల పెయింటుకు ఒక చుక్క నీరు కలిపి, రెండు పలచని పూతలు. ఒక్కటే చిక్కటి పూత వేస్తే బొత్తాలూ మడతలూ పూడిపోతాయి. తర్వాత ఇటుక ఎరుపును మడతల లోతులు వదిలేసి మిగతా చోటంతా వేయాలి. చివరగా మూడు చుక్కల ఇటుక ఎరుపులో ఒక చుక్క నారింజ కలిపి భుజం, మోచేయి, కోటు అంచు మీద సన్నగా లాగాలి. వెలుగు కోసం ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అవుతుంది. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. నీడకు నలుపు కలిపినా రంగు చచ్చిపోతుంది, ముదురు గోధుమ వాడాలి. 24 మందిలో ఐదారుగురి కోట్లకు మధ్య పొరలో ఒక చుక్క లేత గోధుమ కలిపితే వెలిసిన కోట్లు వస్తాయి. అధికారికి మాత్రం అడుగు నుంచే స్వచ్ఛమైన ఎరుపు వేయాలి.

తెల్ల పట్టీలకు తెలుపుతో మొదలుపెట్టకూడదు. తెలుపు పిగ్మెంటు బరువు, పలచన చేస్తే సుద్దలా గరుకు తేలుతుంది. లేత బూడిద వేసి, అంచుల మీదే తెలుపు వాడాలి. పట్టీకీ కోటుకూ మధ్య సన్నటి ముదురు గోధుమ గీత ఉంటే 90 సెంటీమీటర్ల నుంచి పట్టీ విడిగా కనబడుతుంది.

చర్మం రంగు దగ్గర ఈ పరిశ్రమ చాలాకాలం మనల్ని పట్టించుకోలేదు. సీసా మీద ఊరికే ‘ఫ్లెష్’ అని ఉంటే అది యూరోపియన్ చర్మపు రంగే. దాన్ని గోధుమ వాష్‌తో ముదురు చేస్తే సిపాయి కాదు, ముఖం కడుక్కోని దొర కనబడతాడు. వెచ్చటి ఎర్ర గోధుమతో మొదలుపెట్టి, వెలుగుకు పసుపు గోధుమ, అంటే ఓకర్ కలపాలి. తెలుపు కలిపితే ముఖం బూడిద పూసినట్టవుతుంది. పటాలంలో కనీసం మూడు ఛాయలు ఉండాలి, మన ఊళ్ళో ఏ వీధిలోనైనా అంతే కదా.

వాష్ వాడేవారు అడుగు రంగును ఒక మెట్టు లేతగా ఎంచుకోవాలి, వాష్ మొత్తాన్నీ ముదురు చేస్తుంది. చదునైన చోట వాష్ నిలిచిపోతే ఆరాక అంచున టీ మరకలాంటి వలయం వస్తుంది. తడిగా ఉండగానే శుభ్రమైన చెమ్మ బ్రష్‌తో పీల్చేయాలి. కాంట్రాస్ట్ రకం రంగులు అడుగున ఉన్నదాన్ని చూపిస్తాయి. తెల్ల ప్రైమర్ మీద మంట ఎరుపుగా కనబడేదే ఎముక రంగు ప్రైమర్ మీద ఇటుక ఎరుపవుతుంది. చందుర్తికి రెండోదే సరిపోతుంది. ఈ రకంలో కొన్ని రంగులు ఆరిన తర్వాత కూడా పైన తడి పెయింటు తగిలితే కరిగి పైకి వస్తాయి. ఒక బొమ్మ మీద పరీక్షించాకే పటాలానికి దిగాలి.

వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మే నెల విజయవాడలో 42 డిగ్రీల ఎండలో ప్రైమర్ పిచికారీ చేస్తే తుంపర గాలిలోనే ఆరిపోయి, బొమ్మ మీద ఇసుక పోసినట్టు గరుకవుతుంది. వానాకాలం కాకినాడలో మ్యాట్ వార్నిష్ (చివర వేసే మెరుపు లేని రక్షణ పూత) కొడితే తేమ చిక్కుకుని తెల్లటి మంచు పడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, పొడి రోజు చూసుకుని కొట్టాలి. దీపం కూడా ముఖ్యమే. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే 6500 కెల్విన్ (చల్లటి తెల్ల వెలుగు) ట్యూబ్‌లైటు కింద ఎరుపు కాస్త చల్లబడుతుంది. పసుపు బల్బు కింద అదే ఎరుపు నారింజకు తిరుగుతుంది. ఆట ఏ వెలుగులో ఆడతారో ఆ వెలుగులోనే రంగు నిర్ణయించాలి.

కాబట్టి పటాలం మొత్తం మొదలుపెట్టే ముందు మూడు బొమ్మలకు మూడు ఎరుపులు పూసి, వార్నిష్ వరకు పూర్తి చేసి, ఆట బల్ల మీద పచ్చిక గుడ్డపై నిలబెట్టి, 90 సెంటీమీటర్ల దూరం నుంచి కళ్ళు చికిలించి చూడాలి. కోటు, పట్టీ, ముఖం విడివిడిగా తెలిసే బొమ్మనే ఎంచుకోవాలి. దాని చుక్కల లెక్కను ప్రైమర్ పేరుతో సహా బేసు (బొమ్మ నిలబడే పీఠం) అడుగున రాసిపెడితే, ఆరు నెలల తర్వాత రెండో పటాలం కొన్నా అదే ఎరుపు కలుపుకోవచ్చు.