పల్చగా ఉంటేనే అరుగుతుందా? డబ్బా పాలు, ఉగ్గు: అపోహలు, వాస్తవాలు

మొన్న ఓపీలో ఒక నాయనమ్మ సంచిలోంచి పాల సీసా తీసి బల్ల మీద పెట్టింది. పాలు నీలంగా ఉన్నాయి, సీసా ఎత్తి పట్టుకుంటే అవతల నా వేళ్లు కనిపిస్తున్నాయి. "ఎన్ని నీళ్లకు ఎంత పొడి వేస్తున్నారమ్మా?" అని అడిగితే, "నూట ఇరవైకి రెండు స్కూపులు డాక్టరమ్మా, చిక్కగా పడితే పసిదానికి అరగదు కదా" అంది. పాపకు ఐదో నెల, బరువు నాలుగు కిలోలు. మూడున్నర నెలల టీకాకు వచ్చినప్పుడు కార్డులో రాసిందీ అంతే.

ఈ "అరగదు" అనే మాట వినని వారం లేదు నాకు. చెప్పేవాళ్లంతా ప్రేమతోనే చెప్తారు, అదే నా బాధ. అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: నీళ్లు ఎక్కువ పోస్తే పాలు తేలిగ్గా అరుగుతాయి.

వాస్తవం: అరగడానికి అందులో ఏమీ మిగలదు. మన దగ్గర దొరికే చాలా డబ్బాల్లో లెక్క 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు, అదీ పైన గోపురంలా కాకుండా కత్తి వెనకవైపుతో చదును చేసిన స్కూపు. అలా కలిపితే 100 మి.లీ.లో సుమారు 67 కేలరీలుంటాయి. ఐదు కిలోల బిడ్డ రోజుకు 750 మి.లీ. తాగితే 500 కేలరీలు అందుతాయి. సగం పొడితో అన్నే పాలు తాగితే అందేది 250, మిగతా సగం కూడా అందాలంటే ఆ బిడ్డ మొత్తం లీటరున్నర తాగాలి, అన్ని పాలు ఆ పొట్టలో ఎక్కడ పడతాయి? పొట్ట నిండుతుంది, బిడ్డ పడుకుంటుంది, మూత్రం బాగా పోస్తుంది, ఇంట్లోవాళ్లు "చూశావా, బాగా అరుగుతోంది" అనుకుంటారు. బరువు మాత్రం కదలదు.

బరువు పెరగకపోవడంతో ఆగినా కొంత నయం. కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం రాత్రి నాలుగు నెలల బాబును ఫిట్స్‌తో తెచ్చారు. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు. రక్తంలో సోడియం 135కు పైన ఉండాలి, వాడికి 118 వచ్చింది. తండ్రి తాపీ పని చేస్తాడు, డబ్బా ఇంకొన్నాళ్లు రావాలని పొడి తగ్గించారు, ఎండలు కదా అని మధ్యమధ్యలో నీళ్లు కూడా పట్టారు. అంత చిన్న బిడ్డ కిడ్నీలు అన్ని నీళ్లను బయటికి పంపలేవు, రక్తంలో సోడియం పడిపోతుంది, మెదడు వాస్తుంది. బాబు కోలుకున్నాడు. వాళ్లమ్మ మాత్రం తెల్లారేదాకా మంచం పక్కనే నిలబడి "నేనే చేశానా మేడమ్" అని అడుగుతూనే ఉంది. డబ్బా మీద రాసింది చదివి ఆమెకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు, ఆమె తప్పేముంది?

ఇంట్లోనే చూసుకోవడానికి ఒక లెక్క చెప్తాను. పూర్తిగా డబ్బా పాల మీదే ఉన్న ఐదు కిలోల బిడ్డకు 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకు అటూఇటుగా అయిపోవాలి. పది రోజులు వస్తోందంటే కొలత ఎక్కడో తప్పుతున్నట్టే. అలాగని చిక్కగా కలపొద్దు, అదీ కిడ్నీల మీద భారమే, మలబద్ధకం కూడా. ముందు నీళ్లు కొలవండి, తర్వాత పొడి వేయండి. ఒక డబ్బా స్కూపు ఇంకో డబ్బాలో వాడొద్దు. పొడిలో సూక్ష్మక్రిములు ఉండొచ్చు కాబట్టి మరిగించిన నీళ్లు దించాక అరగంటలోపే, ఇంకా బాగా వేడిగా ఉండగానే కలిపి, సీసాను చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. బిడ్డ తాగగా మిగిలినవి పారబోయండి.

డబ్బు ఇబ్బందైతే నీళ్లు పెంచకండి, డబ్బా మార్చండి. ఖరీదైన డబ్బాతో బిడ్డ బొద్దుగా అవుతుందన్న మాటకు ఆధారం లేదు, ఆరు నెలల్లోపు పిల్లల ఫార్ములాల్లో, అంటే ఈ డబ్బా పాలలో, ఏమేం ఉండాలో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనలే చెప్తాయి, చవక డబ్బా అయినా అవి పాటించాల్సిందే. పసిపిల్లల డబ్బా పాల అమ్మకాలపై ఉన్న 1992 చట్టం ప్రకారం వీటికి ప్రకటనలే ఇవ్వకూడదు. కాబట్టి ఎవరైనా ఫలానా డబ్బా గొప్పదంటే ఎందుకంటున్నారో అడగండి. తల్లిపాలు కొంచెం వస్తున్నా ఆపొద్దు. అసలు రాక డబ్బా పాలు పడుతున్న తల్లిని దయచేసి ఎవరూ ఒక్క మాట అనకండి, ఆమె ఇప్పటికే చాలా ఏడ్చి ఉంటుంది.

ఇదే పల్చన పిచ్చి ఆరు నెలలు నిండాక ఉగ్గులోకీ వస్తుంది. పప్పు తేట, గంజి, క్యారెట్ ఉడికించిన నీళ్లు. పప్పంతా గిన్నె అడుగున ఉంటే బిడ్డకు పైన తేట! చెంచా పక్కకు వంచితే జారిపోకుండా నిలవాలి, అదీ చిక్కదనం. మా అమ్మాయప్పుడు మా అత్తగారు కూడా తేటే తీశారు. నేను వాదించకుండా అడుగు పప్పు, మెత్తటి అన్నం, చెంచా నెయ్యి వేసి వేళ్లతో మెదిపి గిన్నె ఆవిడ చేతికే ఇచ్చాను. పాప మూడు రోజులు ఉమ్మేసింది, నాలుగో రోజు గిన్నె చూడగానే నోరు తెరిచింది. మొదట్లో రెండు మూడు చెంచాలు చాలు, ఎనిమిదో నెలకల్లా పావు లీటరు కప్పులో సగం, రోజుకు రెండు మూడు సార్లు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఏడాదిలోపు తల్లిపాలకో ఫార్ములాకో బదులు ఆవు పాలు, గేదె పాలు వద్దు, వాటిలో ఐరన్ దాదాపు ఉండదు, దేశంలో ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తేనె ఏడాదిలోపు నాకించొద్దు, తేనెలో ఉండగల ఒక క్రిమి విషంతో బొటులిజం అనే జబ్బు వస్తే ప్రాణం మీదికొస్తుంది. గుడ్డు వేడి చేస్తుందనేది వట్టి మాట, ఆరు నెలలు నిండాక బాగా ఉడికించి పెట్టొచ్చు, మాంసం కూడా మెత్తగా చేసి. పళ్లు రావాలని ఎదురుచూడక్కర్లేదు, చిగుళ్లతోనే నములుతారు. పాలలో బిస్కెట్ ముంచి పెట్టడం భోజనం కాదు. అంగన్‌వాడీ బాలామృతాన్ని గేదెకు వేసేవాళ్లను చూశాను, నాకు కడుపు తరుక్కుపోతుంది, అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి, కాస్త తీపి ఎక్కువే అయినా బిస్కెట్ కన్నా చాలా నయం.

ఆ నాయనమ్మ చేత నా ముందే పాలు కలిపించాను, 120కి నాలుగు స్కూపులు. సీసా ఎత్తి చూసి "ఇంత తెల్లగా ఉంటాయా డాక్టరమ్మా" అంది. మీరూ ఓపీకి వచ్చేటప్పుడు డబ్బా, స్కూపు, సీసా మూడూ సంచిలో వేసుకుని రండి, కలిపి చూద్దాం.